ఇంగ్లండు పల్లెబాటలో తీరిక సైకిలు

జూన్ మాసమున లండనులో పగలు 16 గంటలకు మించి యుండును. రాత్రి 9 గంటలకు కూడ వెలుతురు పోదు. అట్టి ఆదివారమున కాట్స్‌వోల్డు గుట్టల నడుమ, పొదకంచెల మధ్య సన్నని బాటలపై సైకిలు విహారము చేయువారికి తొందర యుండదు. ఇది సోమరితనము కాదు; దీనికి భౌతికశాస్త్రము సాక్ష్యమిచ్చును.

గాలి వీచనప్పుడు కూడ సైకిలు త్రొక్కువానికి గాలి అడ్డు తప్పదు. ఆ నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగును. గంటకు 15 కిలోమీటర్లు పోవువాడు వేగమును 30కి హెచ్చించినచో నిరోధము 4 రెట్లగును. పైగా, ప్రతి సెకనునకు రెట్టింపు దూరము పోవలెను గనుక గాలిని చీల్చుటకు వలయు సామర్థ్యము 8 రెట్లు! సగము కాలములోనే ఊరు చేరినను, గాలిపై వెచ్చించిన పని 4 రెట్లే. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును.

గుట్ట నెక్కునప్పుడు సంగతి వేరు. అచట పోరాటము గురుత్వాకర్షణతో. మనిషియు సైకిలును కలిసి 80 కిలోగ్రాములైనచో, 10కి 1 వాలుపై గంటకు 6 కిలోమీటర్లు పోవుటకే దాదాపు 130 వాట్లు కావలెను. ఇక్కడ ఆదుకొనునది గేరు. నాటింగ్‌హామ్‌లో 1902 ప్రాంతమున పుట్టిన స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల ఇరుసు ఇందుకు ప్రసిద్ధము. చిన్న గేరులో పెడలుపై బలము తగ్గును, త్రొక్కుళ్ళు పెరుగును. పని మాత్రము తగ్గదు. వాలు ఇంకను నిటారైనచో దిగి తోసికొని పోవుటే సుఖము.