అక్కదు: జాడ తెలియని రాజనగరము

వంశావళులను చదువునపుడు మనలో అనేకులము వరుసగా వచ్చు పేర్లను దాటి ముందుకు పోవుదుము. కాని ఆ పేర్ల నడుమ ఒక్కొక్కప్పుడు ఒక రాజ్యమే దాగియుండును. బైబిలులోని ఆదికాండము 10వ అధ్యాయమున నోవహు సంతతిని వివరించుచోట నిమ్రోదు అను వీరుని ప్రస్తావన కలదు. షీనారు దేశమున అతని రాజ్యమునకు మొదలైన పట్టణములలో బాబెలు, ఎరెకులతోపాటు అక్కదు పేర్కొనబడినది. బైబిలులో ఈ పేరు మరల కనబడదు.

19వ శతాబ్దమున పండితులు ఇరాకు మట్టిపలకలపై గల క్యూనిఫారం లిపిని చదువగలిగిన పిదప ఈ నగరపు చరిత్ర వెలికి వచ్చెను. క్రీ.పూ. 2300 ప్రాంతమున సార్గోను అను రాజు అక్కదును రాజధానిగా చేసికొని మెసొపొటేమియా నగరములను ఒక్క యేలుబడి క్రిందికి తెచ్చెను. అచ్చటి భాషకు అక్కాడియను అను పేరు ఈ నగరమునుండియే వచ్చినది. దిల్మను, మగాను, మెలుహ్హా దేశముల ఓడలు అక్కదు రేవున నిలిచెనని సార్గోను శాసనము చెప్పుచున్నది. మెలుహ్హా యనగా సింధులోయ ప్రాంతమని పలువురు పండితుల అభిప్రాయము.

అంతటి నగరము ఎచ్చట నుండెనో ఇంతవరకు తేలలేదు. రాయి అరుదైన ఆ మైదానమున ఇండ్లు, కోటలు, ఆలయములు మట్టియిటుకలతోనే కట్టెడివారు. పాడుపడిన గోడ వానకు కరగి దిబ్బయగును. నది దారి మార్చుకొని ఆ దిబ్బను ఒండ్రుతో కప్పును. క్రీ.పూ. 6వ శతాబ్దమున బాబిలోను రాజు నబోనిడసు అక్కదులో ఇష్తారు దేవి ఆలయపు పునాదులకై త్రవ్వించెను. అనగా ఆనాటికి ఆ చోటు జనులకు తెలిసియే యుండెను. నేడు బాగ్దాదు పరిసరములలో, టైగ్రిసు నది చెంత అది యుండవచ్చునని అనేకులు ఊహించుచున్నారు.

సార్గోను మనుమడు నారాంసీను ఒక్క సంవత్సరమున తొమ్మిది యుద్ధములు గెలువగా, పౌరులు అతనిని తమ నగరదైవముగా నెంచి అక్కదు నడుమ ఆలయము కట్టిరని ఒక రాగి విగ్రహపు పీఠముపై వ్రాసియున్నది. ఉత్తర ఇరాకులోని బాసెత్కి చెంత రోడ్డు వేయుచుండగా దొరకిన ఈ విగ్రహమును 2003 ఏప్రిలులో బాగ్దాదు మ్యూజియమునుండి దొంగలు ఎత్తుకొనిపోయిరి. అదే సంవత్సరము నవంబరులో అది మురుగుగుంటలో దొరకినది.

ఆ విగ్రహము అదృష్టవశమున తిరిగివచ్చెను. దిబ్బలను దొంగచాటుగా త్రవ్వి అమ్మెడి వస్తువుల సంగతి వేరు. ఇటుకపై నగరము పేరున్నను, అది ఏ నేలలో దొరకెనో తెలియనిచో మనకు పేరే మిగులును, ఊరు దొరకదు. అక్కదు చిరునామా తెలుపగల ఇటుక ఏ దిబ్బలోనో ఇంకను ఉండవచ్చును. పరిశోధకులు దానిని చేరువరకు ఆ దిబ్బలు చెక్కుచెదరక నిలువవలెను.