బార్లీ గింజ, తాటి లొట్టి

స్కాచ్ విస్కీ రుచుల వైవిధ్యాన్ని సాధారణంగా నీటికీ ఓక్ పీపాకూ ఆపాదిస్తారు. సేద్య విజ్ఞాన శాస్త్రజ్ఞునికి ఆ కథ పొలంలోనే మొదలవుతుంది. మాల్టుకు ఎంపికచేసే బార్లీ గింజలో నత్రజని సుమారు 1.65 శాతం మించరాదు. మించితే మాంసకృత్తులు పెరిగి, పిండిపదార్థం తగ్గి, మద్యసారం దిగుబడి పడిపోతుంది. యూరియా మోతాదు మించవద్దని ఇక్కడ మనం చెప్పి అలసిపోతాము. అక్కడ కొనుగోలుదారుడే ధర రూపంలో చెబుతాడు. తడి మాల్టును పీట్ పొగపై ఆరబెట్టినప్పుడు అంటుకొనే ఫినాల్‌లే ఐలా ద్వీపపు విస్కీలకు పొగవాసననిస్తాయి. పిదప ఓక్ పీపాలో కనీసం 3 సంవత్సరాలు నిల్వ ఉండవలెనని, సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదని చట్టం.

మన తాటి, ఈత కల్లులకు ఈ కాలవ్యవధి లేదు. తాటిలో పూగుత్తిని కోసి, ఈతలో శీతాకాలాన మొవ్వు దిగువన కాండాన్ని చెక్కి రసం తీస్తారు. లొట్టి లోపల సున్నం పూస్తే అది తియ్యని నీరాగా నిలుస్తుంది. పూయకుంటే ఈస్టు, జైమోమోనాస్, లాక్టిక్ బాక్టీరియా గంటలలోనే పనిచేసి, మరునాటికి పులుపు ముదురుతుంది. నిల్వ ఉండని సరుకు కనుకనే క్లోరల్ హైడ్రేట్ వంటి ప్రమాదకర కల్తీకి చోటు దొరికింది.

గరికపాడు మెట్ట పొలాల దారిన వెళ్ళే మా విద్యార్థులను నేను అడిగేది ఒకటే: పోతుతాడు రసానికీ పండుతాడు రసానికీ, చలికాలపు గీతకూ వేసవి గీతకూ చక్కెర, ఆమ్లత ఎంత తేడాయో కొలవండి. రుచిలో తేడాను గీత కార్మికుడు నాలుకతోనే చెప్పగలడు. లొట్టి దించిన వేళను కూడా వ్రాసుకొనండి. లేకుంటే ఆ అంకెలు దేనికీ పనికిరావు.