బీరువా తాళం తీసే మనిషి

అక్షరాలు దిద్దించేది తరగతి ఉపాధ్యాయుడు. ఆ అక్షరాలతో పిల్లవాడు సొంతంగా చదువుకునేలా చేయడంలో పెద్ద పాత్ర బడి లైబ్రేరియన్‌ది. పాఠ్యపుస్తకంలోని పాఠం నాలుగుసార్లు వింటే కంఠతా వచ్చేస్తుంది. పేజీ మీద వేలు పెట్టి గడగడా అప్పజెప్పే పిల్లవాడికి చదవడం వచ్చేసిందనే అందరూ అనుకుంటారు. ఎన్నడూ చూడని కథ చేతిలో పెడితే అసలు సంగతి బయటపడుతుంది.

తెలుగులో అచ్చులు, హల్లులు వస్తే సరిపోదు. గుణింతాలూ వత్తులూ కూడా కంటికి అలవాటు కావాలి. రోజూ సముద్రం చూసే నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం పిల్లలకైనా 'సముద్రం' అన్న మాట అచ్చులో కనిపిస్తే క్రావడి దగ్గర తడబాటు తప్పదు. 'సము... ద...' అని ఆగిపోయిన పిల్లకు పక్కనున్నవాళ్లు చటుక్కున మాట అందిస్తారు. పని తెలిసిన లైబ్రేరియన్ కాసేపు ఆగుతారు. బొమ్మలో పడవ ఎక్కడుందో అడుగుతారు, వాక్యం మళ్లీ మొదటినుంచి చదవమంటారు. అర్థం అందాక వత్తు పలకడం తేలికవుతుంది. ఆ పిల్లకు తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో కూడా అక్కడే తెలుస్తుంది: పేజీకి రెండు వాక్యాలదా, పది వాక్యాలదా అని. ఈ ఎంపిక తప్పితే పిల్లలు పుస్తకం జోలికి రావడమే మానేస్తారు.

కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు థర్మల్ కేంద్రం, రొయ్యల చెరువులు, మత్స్యకళాశాల అన్నీ ముత్తుకూరు మండలంలోనే ఉన్నాయి. మత్స్యకార, యానాది కుటుంబాల్లో బడి ముఖం చూసిన మొదటి తరం పిల్లలకు కథల పుస్తకం దొరికే చోటు చాలాసార్లు బడి ఒక్కటే. అందుకే అక్కడి పుస్తకాల బీరువా తెరిచి ఉంటుందా, లేదా అన్నది చిన్న విషయం కాదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలంది. వార్తాపత్రికలతో పాటు కథల పుస్తకాలనూ పేర్కొంది. 100 మందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత బడుల్లో చిత్రకళ, వ్యాయామం, పని విద్య నేర్పే పార్ట్‌టైమ్ బోధకులుండాలంది. లైబ్రేరియన్ ఊసు మాత్రం లేదు. సమగ్ర శిక్ష కింద పుస్తకాలకు బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల వరకు కేటాయింపు ఉంది. పుస్తకాలకు పద్దు ఉంది, వాటిని పిల్లల చేతికి అందించే మనిషికి లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టు ఉంటుంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆ పని సాధారణంగా ఏ తెలుగు పండితుడికో, హిందీ టీచరుకో అదనపు బాధ్యత. స్టాక్ రిజిస్టరులో పుస్తకం తగ్గితే సంజాయిషీ ఆ ఇన్‌ఛార్జే చెప్పుకోవాలి. బీరువాకు తాళం పడటానికి బద్ధకం కన్నా ఈ భయమే పెద్ద కారణం. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన 'చదవడం మాకిష్టం' లాంటి కార్యక్రమాలకూ ఈ చిక్కు తప్పదు. చిరగడం, పోవడం వాడకంలో భాగమని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప తాళం ఊడదు.

పుస్తకాన్ని పాఠకుడికి చేర్చే మనిషి విలువ తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించి, పుస్తకాన్ని పాఠకుడి రేవుకే చేర్చారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల్లో చదివిన పాఠాలు, వాటిపై సాగిన చర్చ దూబగుంట మహిళలను సారా దుకాణాల మీదికి కదిలించాయి. చదివినదాని గురించి మాట్లాడుకోవడం చదువులో ఎంత ముఖ్యమో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ జిల్లాకు అక్కర్లేదు.

లైబ్రేరియన్ పోస్టు లేని బడిలోనూ కొంత చేయవచ్చు. వారానికి ఒక పీరియడ్ లైబ్రరీకి కేటాయించి, టీచరు కథను పైకి చదివి సగంలో ఆపి తర్వాత ఏమవుతుందో పిల్లలనే అడగవచ్చు. పుస్తకాలిచ్చి పుచ్చుకునే రిజిస్టరు ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను జనం కడుతూనే ఉన్నారు. కాబట్టి దగ్గర్లో జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ ఉంటే అక్కడి బాలల పుస్తకాలను బడికి విడతలవారీగా ఇమ్మని ప్రధానోపాధ్యాయులు అడగవచ్చు.