అంకె పెరిగితే అక్షింతలేనా?

అన్నవరం కొండ మీద వ్రతం ముగిశాక ప్రసాదం చేతికొస్తుంది: గోధుమ నూక, పంచదార, నెయ్యి. టైప్-1 డయాబెటిస్ ఉన్న 12 ఏళ్ల పిల్లాడు అమ్మ చూడకుండా రెండు ముద్దలు నోట్లో వేసుకున్నాడనుకోండి. కాసేపటికి గ్లూకోమీటర్‌లో 290. “ఏం తిన్నావురా?” అంటూ ఇంటిల్లిపాదీ మీద పడతారు. మరోసారి వాడు తినడం మానడు, సూది గుచ్చుకుని చూసుకోవడం మానేస్తాడు. లేదా షుగర్ అంకెలు రాసుకునే పుస్తకంలో 140 అని రాసేస్తాడు.

దీన్ని మొండితనం అనలేం. చూసుకున్నప్పుడల్లా తిట్లు పడుతుంటే, చూసుకోవడమే తప్పించుకోవాలనిపిస్తుంది.

ఈ జబ్బులో ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని బీటా కణాలను శరీర రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ పిల్లలు బతికేవారు కాదు. అయితే మందు దొరకడం ఒక ఎత్తు, పండగా పబ్బం లేకుండా రోజుకు మూడు నాలుగు సూదులు వేసుకోవడం ఒక ఎత్తు.

పైగా ఈడొచ్చే వయసులో పెరుగుదల హార్మోన్ ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అన్నీ పద్ధతిగా చేసినా షుగర్ పెరగొచ్చు. అప్పుడూ తిడితే ‘ఎంత చేసినా ఇంతే’ అన్న నిస్పృహ మిగులుతుంది. బడిలో ఒకసారి షుగర్ పడిపోయి చెమటలు పట్టి తూలినవాడు, ఆ భయంతో డోసు తగ్గించేసుకుంటాడు. ఆడపిల్లకైతే “రేపు పెళ్లి కావాలి, ఎవరికీ చెప్పకు” అన్న హెచ్చరిక ఒకటి. చాటు దొరక్క మధ్యాహ్నం ఇంజెక్షన్ ఎగ్గొడుతుంది. ఇన్సులిన్ పూర్తిగా ఆగితే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదకొస్తుంది.

అమెరికాలో బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ కేంద్రంలో బార్బరా ఆండర్సన్ బృందం, వైద్యం పనిని పిల్లలూ పెద్దలూ పంచుకునేలా కుటుంబాలకు నేర్పింది. ఆ ఇళ్లలో గొడవలు తగ్గాయని 1999లో ప్రచురించింది. ‘పెద్దవాడయ్యాడుగా, వాడే చూసుకుంటాడు’ అని వదిలేయడమూ, పక్కనే కాపలా కాయడమూ రెండూ పనికిరావు. సూది పిల్లాడు వేసుకుంటే, డోసు లెక్క అమ్మ సరిచూడాలి.

ప్రసాదం విషయమూ అంతే. వైద్యులు నేర్పిన లెక్క ప్రకారం ముందే ఇన్సులిన్ వేసుకుంటే కొద్దిగా తినొచ్చు. చెప్పకుండా తిన్నా, 290 కనపడగానే “ఎందుకు తిన్నావు?” అనకుండా “ఇప్పుడు డోసెంత వేద్దాం?” అనండి. ఆ మాట వినే పిల్లాడికి పుస్తకంలో దొంగ అంకె రాయాల్సిన అవసరం ఉండదు.