తళతళలాడితే మంచి నాణెమేనా?

కిందటేడు అమ్మ ట్రంకుపెట్టె సర్దుతూ పసుపుగుడ్డలో మూటకట్టిన పది వెండి రూపాయలు బయటికి తీసింది. అన్నీ అయిదో జార్జి బొమ్మవే. "మీ అమ్మమ్మ నాకిచ్చినవి. నీకయిదు, చెల్లికయిదు" అంటూ పంచేసింది.

ఇంటికి తెచ్చుకున్నాక వాటి నలుపు చూసి నాకు మనసొప్పలేదు. వరలక్ష్మీ వ్రతం దగ్గరపడుతోంది కదా! చింతపండు పెట్టి, పొడివేసి, పీచుతో తోమేశాను. అద్దంలా మెరిశాయి. మా చెల్లెలికి బద్ధకం. దాని వాటా అలాగే బీరువాలో పడేసింది.

ఆమధ్య మా ఊళ్ళో నాణేల ప్రదర్శన పెడితే ఇద్దరం వెళ్ళాం. అమ్మే ఉద్దేశం లేదుగానీ, ఎంత చేస్తాయో చూద్దామని సరదా. చెరొకటీ పట్టుకెళ్ళాం. రెండూ 1919 నాటివే. అక్కడున్న ఒక పెద్దాయన చెల్లెలి రూపాయిని అంచులు పట్టుకుని, భూతద్దంలో అటూ ఇటూ చూసి, "బావుందమ్మా, జాగ్రత్తగా దాచుకోండి" అన్నారు. నాది చూడగానే, "తోమారా?" అని నిట్టూర్చారు. "దీనికిక వెండి ధరేనమ్మా."

నా మొహం చూసి జాలేసిందేమో, కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఆ తర్వాత నేనూ కొన్ని పుస్తకాలు తిరగేశాను.

నాణేనికి గ్రేడు ఇవ్వడమంటే మెరుపుకి మార్కులెయ్యడం కాదు. టంకశాలలో అచ్చుపడ్డప్పటి రూపం ఎంత మిగిలిందో చూడడం. చేతులు మారేకొద్దీ ముందుగా అరిగేవి ఎత్తుగా ఉన్న చోట్లు. ఈ రూపాయిలో అయితే కిరీటం మీది పనితనం, కనుబొమ, మీసం, అంగీ మీది ఏనుగు. ఆ ఏనుగుదో కథ! 1911లో వచ్చిన రూపాయల మీద అది పందిలా ఉందని గొడవైతే, 1912 నుంచి సరిదిద్ది వేశారు.

పిల్లల ప్రోగ్రెస్ కార్డులో 'గుడ్' అని ఉంటే మురిసిపోతాం. నాణేల్లో 'గుడ్' అంటే బాగా అరిగిపోయి, ఆకారం మాత్రం మిగిలిందని! ఆపైన వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అంటూ మెట్లున్నాయి. అసలు చెలామణిలోకే రానిది అన్‌సర్క్యులేటెడ్. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా అంకెలు పెట్టాడు. తర్వాత అవే మిగతా నాణేలకీ వచ్చాయి. 'గుడ్' 4 దగ్గర మొదలవుతుంది, అన్‌సర్క్యులేటెడ్ 60 దగ్గర.

మరి నేను చేసిన పాపమేమిటి? అచ్చుపడ్డప్పుడు లోహం మీద అతి సన్నని గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద వాలుగా తిప్పితే, వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరిగేది వాటివల్లే. తోమితే ఆ గీతలు పోయి పీచుగీతలు మిగులుతాయి. ఇక ఆ నలుపంటారా, అది మురికి కాదు. గాలిలోని గంధకం తగిలి వెండిమీద కట్టే పొర. నిజానికి అరుగుదల తప్పుకాదట, ఎంత అరిగితే అంత గ్రేడు ఇస్తారు. తోమిన నాణేన్ని మాత్రం లోపమున్నదానిగా పక్కన పెడతారు.

నేర్చుకోవాలనుకుంటే మీ పర్సులోని చిల్లరతోనే మొదలుపెట్టండి. ఒకే రకం రూపాయలు నాలుగు వరసగా పేర్చి, ఏది ఎక్కడ అరిగిందో బొమ్మా బొరుసూ చూడండి. కింద మెత్తటి గుడ్డ పరుచుకోండి. అంచులే పట్టుకోండి. పీవీసీ కవర్లలో దాచొద్దు, జిడ్డు దిగి నాణెం పాడవుతుంది. రెండు మెట్ల మధ్య సందేహమొస్తే కింది మెట్టే అనుకోండి.

ప్రదర్శన నుంచి వచ్చాక చెల్లెలి రూపాయిని భూతద్దంలో చూశాను. అక్షరాల సందుల్లో సన్నగా పసుపు. అమ్మమ్మ చేతి పసుపు! నావాటిలో వెతికాను. ఎక్కడా లేదు. ధర పోయినందుకు కాదు, అందుకే ఎక్కువ బాధపడ్డాను.

మీ ఇంట్లోనూ అలాంటి మూట ఉంటే, చింతపండు పులుసులోకి మాత్రమే వాడండి.