మాంత్రికుడి కత్తికీ, మల్లయ్య కర్రకీ ఎంత దూరం?

మాంత్రికుడు అనగానే మన తెలుగు ప్రేక్షకుడికి ఎవరండీ గుర్తొచ్చేది? పొడుగాటి గడ్డం, గుచ్చి చూసే కళ్ళు, గుండెలదిరే గొంతు... ఇంకెవరు, ఎస్వీ రంగారావే! 1951లో ‘పాతాళభైరవి’ విడుదలైన తర్వాత మన వెండితెరమీద ఎందరు మాంత్రికులు పుట్టి ఎందరు గిట్టారో లెక్కలేదు. ఆ నేపాళ మాంత్రికుడి ముందు మాత్రం అందరూ బలాదూరే.

ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిగారిది తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిగారిది కడప జిల్లా పొట్టిపాడు. అంటే తెలుగువాళ్ళని హడలగొట్టిన మాంత్రికుణ్ణి తయారుచేసిన చేతులు సీమ చేతులే అన్నమాట! మరి ఆ సీమ పల్లెల్లో పూజకీ, మొక్కుకీ, పండక్కీ నిజంగా వాడే సామగ్రి ఎలా ఉంటుంది? పుర్రెలూ, ఎముకలూ, మంత్రదండాలేనా? ఈ సందేహం నాకు బనగానపల్లెలో పట్టుకుంది.

ఒకే ఊళ్ళో రెండు కథలు

బనగానపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఊరి దగ్గర గుట్టమీద నవాబులనాటి బంగళా ఒకటుంది. 2009లో కోడి రామకృష్ణగారి ‘అరుంధతి’ వచ్చిన దగ్గర్నుంచీ దాని అసలు పేరు జనం మర్చిపోయారు. ‘అరుంధతి కోట’ అంటేనే దారి చెబుతారు. నేను వెళ్ళిన రోజున ఓ కుర్రాడు వెంటబడి, “పశుపతిని ఈడనే సార్ సమాధి చేసింది!” అని మా చెడ్డ నమ్మకంగా చూపించాడు. ఆ సినిమాలో పశుపతిని చంపే ఆయుధం జేజమ్మ ఎముకలతో చేసింది. దాన్ని అరుంధతి తన నెత్తుటితో తడిపితేగాని పని చెయ్యదు. మన సినిమా మంత్రసామగ్రి అంతా ఈ బాపతే... నెత్తురు తాగందే కదలదు.

అదే ఊరికి ఇంకో కథ ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవుల్ని కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెప్పుకుంటారు. 1984లో రామారావుగారు తెరమీద చూపించిన స్వామి ఈయనే. ఆవులు చెదరకుండా వాటి చుట్టూ కర్రతో గీత గీసి, తను రాతలో కూర్చునేవారట. ఆలోచించండి, అంతటి మహిమగల స్వామి చేతిలో ఏముంది? పశువుల కాపరి కర్ర! రాయడానికి తాటాకు!

సముద్రాల అవతల మంత్రగత్తెలు

చిత్రమేమిటంటే, మనవాళ్ళు ‘పాతాళభైరవి’ చూసి చప్పట్లు కొట్టిన ఆ 1951లోనే ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్యల చట్టాన్ని రద్దుచేశారు. ఆ తర్వాత 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన ఆధునిక మంత్రగత్తెల గురించి పుస్తకం రాశాడు. దాంతో ‘విక్కా’ అనే కొత్త మతం లోకం కళ్ళబడింది. ఇక్కడ మంత్రగత్తె అన్న మాట పడితే ఆడదాని ప్రాణానికే ముప్పు. చేతబడి నెపంతో కొట్టి చంపిన సంఘటనలు మన పేపర్లలో ఎన్ని చదవలేదు! అక్కడ వీళ్ళు ఆ పేరు తామే గర్వంగా పెట్టుకున్నారు.

వీళ్ళకి ఏడాదికి ఎనిమిది పండుగలు. పగలు పొడుగైన రోజు, రాత్రి పొడుగైన రోజు, రెండూ సమానమైన రోజులు రెండు, వాటి నడుమ మరో నాలుగు. అంతా రుతువుల లెక్కే. పనిముట్లు చూద్దామా? నల్లపిడి కత్తి, కర్ర, గిన్నె, చీపురు. ఆ కత్తి పేరు ‘అథామీ’. దానితో గాలిలో గీత గీస్తారేగాని, ఒంటిమీద గాటు పెట్టకూడదన్నది వాళ్ళ నియమం. కత్తి ఉంది, నెత్తురు లేదు! ఈ ముక్క నా బుర్రలో ఉండిపోయింది.

ఇంట్లో వస్తువే దేవుడి వస్తువు

సీమ పల్లెల్లో పండుగలూ రుతువుల లెక్కే. ఆ పనిముట్లకోసం శ్మశానానికి వెళ్ళక్కర్లేదు, పెరట్లోకి వెళితే చాలు.

జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక. ఆ రోజు పూజ నాగలికీ ఎద్దులకీ. ‘రోజులు మారాయి’ (1955)లో వహీదా రెహమాన్ చిందులేసిన ఏరువాక పాట తెలియనివారెవరు? వాన మొహం చాటేస్తే ఆడవాళ్ళు రోకలికి కప్పనీ వేపాకునీ కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు, ఇంటివాళ్ళు దానిమీద నీళ్ళు పోస్తారు. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు పిడకల యుద్ధం. వీరభద్రస్వామి కాళికాదేవిని పెళ్ళాడటానికి జాగుచేశాడని అమ్మవారి తరఫువాళ్ళు పిడకలతో కొట్టారట. ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకుని, దెబ్బలకి విభూతి రాసుకుని, ఆనక దేవుడి పెళ్ళి చేస్తారు. కడపకి వస్తే, అదే ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడి ముందు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయా బెల్లమూ పట్టుకుని వరసకట్టి నిలబడతాయి.

నాగలి, రోకలి, పిడక, బెల్లం. ఏడాదంతా ఇంట్లో పనిచేసే వస్తువు, ఆ ఒక్క పూట దేవుడిది. మర్నాడు మళ్ళీ ఇంటిది!

దేవరగట్టు రాత్రి

ఇక ఆ రాత్రి సంగతి చెప్పాలి. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దేవరగట్టు. కొండమీద మాళ మల్లేశ్వరస్వామి. విజయదశమి అర్ధరాత్రి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కిందికి దిగుతాయి. మూర్తుల్ని కాపాడతామని నెరణికి, కొత్తపేట వైపువాళ్ళు, తమవైపు లాక్కుపోవాలని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వేలమంది, వేల కర్రలు, నడుమ దివిటీలు. ఇదే బన్ని ఉత్సవం.

ఇనుప రింగులు తొడిగిన కర్ర పట్టుకున్న పెద్దాయన పక్కన నిలబడ్డాను. “తాతా, ఈ కర్రకేమైనా మంత్రం ఉందా?” అనడిగాను.

నవ్వాడు. “మంత్రమేముంటాది నాయనా! గొర్రెలు తోలే కట్టెనే ఇది. ఈ పొద్దు సామిది, రేపు మళ్లా గొర్రెలదే.”

అంతలో కేకలు. దివిటీలు ఊగాయి. కర్రమీద కర్ర పడే చప్పుడు కొండంతా మోగింది. కాసేపటికి ఓ కుర్రాణ్ణి మోసుకొచ్చారు. నుదురు పగిలింది. పట్టుమని పద్దెనిమిదేళ్ళు ఉండవు. ఎవరో గుప్పెడు పసుపు అద్దారు. వాడు “ఏం కాలేదు” అంటూనే ఉన్నాడు, కాళ్ళు మాత్రం వణుకుతున్నాయి. వాళ్ళమ్మ ఏ ఊళ్ళో మేలుకుని కూర్చుందో!

ఏటా ఇంతే. వైద్యశిబిరాలు పెడతారు, పోలీసులు ఊరూరా తిరిగి చెబుతారు. అయినా పదులకొద్దీ తలలు పగులుతాయి. 2023లో చూడ్డానికి జనం ఎక్కిన చెట్టు కొమ్మ విరిగి ప్రాణనష్టం కూడా జరిగింది. ఇది కొట్లాట కాదు, మూర్తుల్ని అందుకోవాలనే తోపులాట, దివిటీలూ కర్రలూ తగిలి దెబ్బలు పడతాయంతే అని ఊళ్ళవాళ్ళ వాదన.

తెల్లవారుజామున పెద్దాయనే కథ చెప్పాడు. మణి, మల్లాసురుడనే రాక్షసుల్ని శివుడు ఈ గట్టుమీదే చంపాడట. చచ్చేముందు వాళ్ళు ఏటా నరబలి అడిగారట. స్వామి ఒప్పుకోలేదు, పిడికెడు నెత్తురు చాలన్నాడట. అందుకే రక్షపడ అనే చోట గొరవయ్య తన తొడనుంచి పిడికెడు నెత్తురు ధారపోస్తాడు. ఆనక పూజారి వానలు ఎలా పడతాయో, పంటలు ఎలా పండుతాయో భవిష్యవాణి చెబుతాడు. ఎండిన నేలకి కావలసింది ఆ మాటే!

నేను ఉలిక్కిపడ్డాను. “అట్లయితే తాతా, రాక్షసుల బాకీ ఆ పిడికెడుతో తీరిపోయినట్టేగా? ఆ కుర్రాడి నెత్తురు ఎవరి ఖాతాలోకి?”

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. కర్ర రింగుల్ని బొటనవేలితో రుద్దుతూ, “అది సామి అడిగింది గాదులే నాయనా” అన్నాడు.

చూశారా! నిండుప్రాణాన్ని పిడికెడుకి దించినవాడు సాక్షాత్తూ దేవుడు. ఆచారం ఒక మెట్టు దిగిందని కథే చెబుతోంది. గాటు పెట్టని కత్తితో ఇంగ్లండువాళ్ళు పండగ చేసుకోగలిగితే, తల పగలగొట్టని కర్రతో మనవాళ్ళు బన్ని ఆడలేరా? ఇనుప రింగులు తీసేస్తే మల్లయ్య అలుగుతాడా?

నేను బస్సెక్కేసరికి బాగా తెల్లవారింది. ఆ పెద్దాయన కనబడ్డాడు. ముందు గొర్రెలు, వెనక ఆయన, భుజాన అదే కర్ర. మన దర్శకులు ఇన్నేళ్ళుగా మాంత్రికుడి చేతిలో ఎముకల కత్తులే చూపించారు. ఈసారి కెమెరాని ఈ కర్రవైపు తిప్పితే బాగుండుననిపించింది... రాత్రి కాదు సుమండీ, పొద్దున!