నూటికి ముప్పై తొమ్మిది మంది

2019 మే 23న ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ల లెక్కింపు ముగిసేసరికి 175 స్థానాల అసెంబ్లీలో తెలుగుదేశానికి 23 దక్కాయి. 2024 జూన్ 4న వైఎస్సార్‌సీపీకి 11 దక్కాయి. ఈ రెండు అంకెలూ రాష్ట్రంలో బడిపిల్లలకు కూడా నోటికొచ్చు. గెలిచినవాళ్లు వాటిని వాట్సాప్ స్టేటస్‌లుగా పెట్టుకున్నారు, మీమ్‌లు చేశారు, అవతలివాడు నోరు తెరవబోతే ముఖాన కొట్టారు. వాటి పక్కనే ఉన్న మరో రెండు అంకెలు మాత్రం ఎవరి నోటా వినపడవు. 2019లో ఓడిన తెలుగుదేశానికి పోలైన ఓట్లలో 39.17 శాతం వచ్చాయి. 2024లో ఓడిన వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం వచ్చాయి.

ఐదేళ్ల తేడాతో రెండు ఘోర పరాజయాలు. రెండుసార్లూ ఓడిన పక్షాన నూటికి 39 మంది నిలబడ్డారు. 2019లో వాళ్లు కోటీ 23 లక్షల మంది, 2024లో కోటీ 32 లక్షల మంది. పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతి ఐదుగురిలో ఇద్దరన్నమాట. అయినా రెండుసార్లూ ఫలితాల సాయంత్రం టీవీల్లో వినిపించిన మాట ఒక్కటే: జనం తుడిచిపెట్టేశారు. నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడిదే సీటు అనే పద్ధతిలో, ఓట్లలో కనిపించే తేడా సీట్ల దగ్గరికొచ్చేసరికి కొండంతవుతుంది. 2014లో గెలిచిన కూటమికీ ఓడిన పార్టీకీ మధ్య ఓట్ల తేడా రెండు శాతం దరిదాపుల్లోనే ఉంది. సీట్లు మాత్రం తెలుగుదేశానికి 102, వైఎస్సార్‌సీపీకి 67.

సీట్ల అంకె చూడటానికి అలవాటుపడ్డ కంటికి ఓడిన పార్టీ ఓటర్లు కనపడకుండా పోతారు. కనపడినా ఇంకా మారని మూర్ఖులుగానే కనపడతారు. అటు ఓడినవాళ్లకు గెలిచిన పార్టీకి వేసినవాళ్లందరూ అమ్ముడుపోయినవాళ్లే.

ఫలితాల తర్వాత వినిపించిన మాటలు గుర్తుచేసుకోండి. 2019లో ఓడినవాళ్లు, రాజధాని కడుతున్న మనిషిని కాదని డబ్బుకూ ఉచిత పథకాల ఆశకూ లొంగిపోయారని జనాన్ని తిట్టారు. 2024లో ఓడినవాళ్లు, గడప గడపకూ డబ్బు పంచితే తిని మరిచిపోయిన విశ్వాసం లేని జనమని తిట్టారు. ఉచితాలతో రాష్ట్రం దివాలా తీస్తుందన్న మాట ఒకప్పుడు ఒక వైపు నుంచి వచ్చింది, హామీల జాబితా చేతులు మారాక రెండో వైపు నుంచి వచ్చింది. ఈవీఎంల మీద అనుమానాలు 2019లో చంద్రబాబు నాయుడు వ్యక్తం చేశారు. 2024 జూన్‌లో జగన్‌మోహన్‌రెడ్డి కాగితపు బ్యాలెట్లు కావాలన్నారు. ఎవరు ఓడితే వాళ్ల నోట అవే మాటలు.

వీటిలో అన్నిటికంటే నన్ను బాధపెట్టే మాట 'అమ్ముడుపోయారు' అన్నది. దాన్ని అనేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ కనుక కొంచెం ఆగి చూడాలి. పోలింగ్‌కు ముందు రాత్రుల్లో డబ్బు పంచుతారన్నది నిజం. మన రాష్ట్రాల్లో రెండు పక్షాలూ పంచుతాయన్నది ఇంకా పెద్ద నిజం. ఇద్దరి దగ్గరా తీసుకున్న ఇల్లాలు వేయగలిగింది ఒక్క ఓటే. ఆ ఓటు ఎటు పడిందో ఇచ్చినవాడు చూడలేడు. సైమన్ షోషార్ అనే రాజనీతి పరిశోధకుడు ముంబయి ఎన్నికల్లో పంపకాలను దగ్గరగా గమనించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పంచినంత మాత్రాన ఓటు పడదని అభ్యర్థులకే తెలుసు, అయినా అవతలివాడు పంచుతుంటే తాను మానేస్తే పోటీలోనే లేనట్టవుతుందన్న భయంతో పంచుతారు అన్నది అతను తేల్చిన విషయం. డబ్బు పోటీలో నిలబడటానికి కట్టే రుసుము లాంటిది, గెలుపు ధర కాదు. కొన్నవాడి నేరం అలాగే ఉంటుంది. తీసుకున్న మనిషి తన తెలివిని కూడా కవరులో పెట్టి ఇచ్చేసిందని అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

ఒకే సంఘటన రెండు నీతికథలుగా ఎలా చీలుతుందో 2024 ఏప్రిల్ చూపించింది. అంతకు ముందు కొన్నేళ్లుగా ఒకటో తారీఖు తెల్లవారుజామున వాలంటీరు తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టి వెళ్లేవాడు. యాభై ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున 2019 ఆగస్టు 15న ఆ ఏర్పాటు మొదలైంది. ఎన్నికల కోడ్ వచ్చాక, వాలంటీర్లు పాలక పార్టీకి పనిచేస్తున్నారన్న ఫిర్యాదుపై, వాళ్లు డబ్బు పంచకూడదని మార్చి చివర్లో ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్ మొదటి వారంలో ముసలివాళ్లు కర్ర ఊతంగా, కొందరు మంచాల మీద, ఎండలో గ్రామ, వార్డు సచివాలయాలకు వెళ్లాల్సి వచ్చింది. కొందరు చనిపోయారన్న వార్తలొచ్చాయి. ఫిర్యాదు చేయించినవాళ్లే ఆ అవ్వాతాతల్ని చంపారని ఒక పక్షం అంది. సచివాలయ ఉద్యోగులతో ఇళ్ల దగ్గరే ఇప్పించే వీలుండీ, సానుభూతి కోసం కావాలనే ఎండలో నిలబెట్టారని రెండో పక్షం అంది. ఏ పార్టీ అభిమాని అయినా తనకు నచ్చిన కథను క్షణం తటపటాయించకుండా నమ్మాడు. అవతలి పార్టీకి ఓటేసే పక్కింటాయన కూడా ఆ ముసలివాళ్ల గురించి తనలాగే బాధపడుతున్నాడన్న సంగతి అతనికి తట్టలేదు.

ఈ పొరపాటును మనస్తత్వ పరిశోధకులు కొలిచి చూశారు. ఆడమ్ వేట్జ్, లియాన్ యంగ్, జెరెమీ గింజెస్ 2014లో ప్రచురించిన అధ్యయనం కోసం అమెరికాలో డెమొక్రాట్లనూ రిపబ్లికన్లనూ, పశ్చిమాసియాలో ఇజ్రాయెలీలనూ పాలస్తీనీయులనూ అడిగారు: మీవాళ్లు పోరాడేది దేనికోసం, అవతలివాళ్లు దేనికోసం? మావాళ్లు తమవాళ్ల మీది ప్రేమతో, వాళ్లు మా మీది ద్వేషంతో అన్నదే నాలుగు వర్గాల జవాబూ. తర్వాత ఆ అమెరికన్ పార్టీల వాళ్లకు, అవతలివాళ్ల ఉద్దేశాన్ని సరిగ్గా ఊహిస్తే అదనంగా డబ్బిస్తామని చెప్పారు. అప్పుడు ఆ తేడా తగ్గిపోయింది. అవతలి మనిషిని అర్థం చేసుకునే శక్తి మనలో లేకపోలేదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ శ్రమ పడటానికి మనకు మామూలుగా కారణం ఉండదంతే.

డగ్లస్ ఆలర్, గౌరవ్ సూద్ 2018లో ప్రచురించిన లెక్క ఇంకా విడ్డూరంగా ఉంటుంది. రిపబ్లికన్లలో ఏటా రెండున్నర లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్లు ఎందరని అడిగితే డెమొక్రాట్లు సగటున నూటికి 44 మంది అన్నారు. నిజానికి ఉన్నది ఇద్దరు. డెమొక్రాట్లలో స్వలింగ, ద్విలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు కలిపి 38 శాతం ఉంటారని రిపబ్లికన్లు ఊహించారు. ఉన్నది ఆరు శాతం. రాజకీయాలను దగ్గరగా అనుసరించేవాళ్ల అంచనాలు మిగతావాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేవు. మన దగ్గర ఇలాంటి సర్వే చేస్తే అడగాల్సిన ప్రశ్నలు నాకు తెలుసు: ఆ పార్టీకి వేసినవాళ్లలో ఫలానా కులంవాళ్లు ఎందరు? పథకం డబ్బు మీదే బతికేవాళ్లు ఎందరు? కోటిమందికి పైగా ఓటేసిన పార్టీ ఒక్క కులం మీద నిలబడటం లెక్కప్రకారం సాధ్యం కాదు. అయినా ఇవాళ ఏ చర్చైనా మూడో వాక్యానికల్లా కులం దగ్గరికి చేరుతుంది.

ఊరికి దూరమైనకొద్దీ అవతలి ఓటరు మీద ఈ అపోహ పెరుగుతుందని నా అనుమానం. 2024 మే 13 పోలింగ్‌కు ముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను దేశమంతా చూసింది. ఓటు కోసం అంత దూరం వెళ్లడం గొప్ప విషయమే. అయితే హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండే మనిషికి అవతలి పార్టీ ఓటరు ఎదురయ్యేది ఎక్కువగా ఫోన్‌లోనే, అదీ అతను అన్నిటికంటే అసహ్యంగా మాట్లాడిన క్షణంలోనే. ఊళ్లో ఉన్నవాడికి అదే ఓటరు రేపు నీళ్ల వంతు దగ్గర కలుస్తాడు, ఎల్లుండి చావు భోజనాల దగ్గర కలుస్తాడు.

తుళ్లూరు ప్రాంతంలో రాజధాని కోసం పొలం ఇచ్చిన రైతును తలుచుకుందాం. అక్కడి రైతులు 2015లో సమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చినప్పటి నుంచి ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. ప్రభుత్వం రాసిచ్చిన మాట ప్రభుత్వం మారితే చెల్లదా అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న పట్టని వాడు మనిషేనా అని ఆయనకు అనిపించడంలో వింత లేదు. ఇంకో జిల్లాలో ఒక అవ్వ ఉంది. పింఛను కాగితం కోసం ఊరి పెద్దల గడప ఎక్కి దిగి, వాళ్ల విసుగు భరించిన కాలం ఆమెకు గుర్తుంది. అడక్కుండానే ఇంటికి డబ్బు రావడం ఆమెకు మర్యాదకు సంబంధించిన సంగతి. దాన్ని సోమరితనం అన్నవాళ్లకు ఆమె ఓటు వేయదు. ఒకరిది మాట నిలబెట్టుకోవడం గురించిన బాధ, మరొకరిది తల ఎత్తుకుని బతకడం గురించిన ఆరాటం. ఇద్దరివీ నీతికి సంబంధించిన ఓట్లే. ఆ రైతు దృష్టిలో ఆ అవ్వ ఓటు ద్రోహం, ఆమె దృష్టిలో ఆయన ఓటు అహంకారం.

మన దగ్గర ఈ వైరం మాటలతో ఆగకపోవడానికి కారణం చాలామంది చెప్పే 'పౌరుషం' అని నేను ఒప్పుకోను. 2024 పోలింగ్ తర్వాత మాచర్ల, నరసరావుపేట, తాడిపత్రిలో జరిగిన హింసకు ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం జిల్లాల ఎస్పీలను సస్పెండ్ చేయించింది, సిట్ వేయించింది. టీవీల్లో మాత్రం పల్నాటి రక్తం గురించి మాట్లాడారు. రక్తం మీదకు నెట్టేస్తే వ్యవస్థ జోలికి వెళ్లే పని ఉండదు. ఊళ్లో పింఛనుకు పేరు రాసేదెవరు, ఇంటి స్థలం జాబితా ఎవరి చేతుల్లో ఉంది అన్నది అసలు విషయం. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు తమవాళ్లకే పేర్లు రాస్తున్నాయని ఒక పక్షం మొత్తుకుంది. 2019 తర్వాత వాలంటీర్లు పార్టీ మనుషులేనని రెండో పక్షం మొత్తుకుంది. హక్కుగా రావాల్సింది ఒక పార్టీ మనిషి చేతి మీదుగా వస్తున్నంత కాలం, పక్కింటివాడి ఓటు అతని అభిప్రాయం మాత్రమే అనుకోవడం కుదరదు. అది మన ఇంటి పింఛను మీద, మన డొంకదారి మీద పడే ఓటు. అతని మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

కోపమే తప్పని నేననను. బూత్‌లో యంత్రాన్ని పగలగొట్టినవాడి మీద, నాయకుల ఇళ్లలోని ఆడవాళ్లను బజారుకీడ్చి రాసినవాడి మీద, అతన్ని కాపాడిన నాయకుడి మీద కోపం రావాలి, కేసు పడాలి, శిక్ష పడాలి. ఆ కోపం జారి ఓటరు మీద పడ్డప్పుడు నాయకుడే బతికిపోతాడు. ఓడిన పార్టీ తన పాలనలో ఏం తప్పు జరిగిందో వెతుక్కోనక్కర్లేదు, జనం బుద్ధే వంకర అనేస్తే సరిపోతుంది. గెలిచిన పార్టీ ఆ 39 మందికి జవాబు చెప్పనక్కర్లేదు.

మనసులు మారే వరకు ఆగకుండా చేయగలిగిన పని ఒకటి ఉంది. లెక్కింపు రోజున ఏజెంట్ల చేతుల్లో కాగితాలుంటాయి. ఒక్కో యంత్రం తెరిచినప్పుడల్లా ఆ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో రాసుకుంటారు. 2024 ఎన్నికల్లో ఒక పోలింగ్ కేంద్రం అంటే మహా అయితే పదిహేను వందల ఓట్లు. పల్లెలో అది ఒక వాడ, ఒక్కోసారి ఒకే కులం వాళ్లుండే వీధి. సాయంత్రానికి ఏ వీధి ఎటు వేసిందో ఊరంతటికీ తెలిసిపోతుంది. మనిషి ఓటు రహస్యమే, వీధి ఓటు కాదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు పెట్టెల ఓట్లను కలిపేసి లెక్కించే వీలుండేది. ఈవీఎంలతో అది పోయింది. పద్నాలుగు యంత్రాల దాకా కలిపి మొత్తం అంకె మాత్రమే చూపించే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్‌ల వారీగా ఓట్లు తెలిస్తే తమకు తక్కువ పడ్డ చోట పార్టీలు ఎక్కువ శ్రద్ధ పెడతాయన్నది అది చెప్పిన కారణం.

ఎలాంటి శ్రద్ధ పెడతారో పల్నాడు పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. ఇక్కడి రెండు పెద్ద పార్టీలూ ఓటమిని చూశాయి, తమ వీధుల మీద కక్ష తీర్చుకున్నారని రెండూ ఫిర్యాదు చేశాయి. టోటలైజర్ కావాలని ఈ రెండూ ఒకే కాగితం మీద సంతకం చేసి ఢిల్లీకి పంపితే ఎవరికీ ఒక్క ఓటు కూడా తగ్గదు. ఈలోగా ప్రతి పోలింగ్ కేంద్రం లెక్కా ఫారం 20 అనే పేరుతో ఎవరైనా తెరిచి చూసుకునేలా ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో ఉంటోంది.